ఆర్చ్‌బిషప్‌ల అధికారిక నివాసాల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్చ్‌బిషప్ ఉండే ఇల్లు ఆయన సొంతమా?

కాదు. ఇల్లు పీఠానిది, అంటే కతోలిక చర్చిలో ఆయన పాలించే ప్రాంతపు చర్చి సంస్థది. పదవిలో ఉన్నన్నాళ్లు అందులో ఉంటారు, బదిలీ అయినా విరమించినా ఖాళీ చేస్తారు. అన్నదమ్ములకూ మేనల్లుళ్లకూ అందులో ఏ హక్కూ ఉండదు. రాసుకుంటే ఒక్క వాక్యమే గానీ, పదిహేను వందల ఏళ్లుగా ఈ భవనాల చుట్టూ నడిచిన తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే. పీఠం ఆస్తికి యజమాని ఎవరు? అక్కడి గురువులా (చర్చి పాదిరీలా), రోమ్‌లోని పోపా, రాజా, ప్రభుత్వమా? ఒక్కో కాలంలో ఒక్కొక్కరు తమదే అన్నారు. ఎవరి మాట నెగ్గితే భవనం వాళ్లదైంది. ఈరోజు యూరప్‌లో పాత ఆర్చ్‌బిషప్ నివాసాలు నగరపాలక కార్యాలయాలుగా, మ్యూజియంలుగా, విశ్వవిద్యాలయాలుగా కనిపించడానికి కారణం అదే.

ఆర్చ్‌బిషప్ బిరుదు ఉన్న ప్రతి ఒక్కరికీ ఇలాంటి నివాసం ఉంటుందా?

ఉండదు. అగ్రపీఠాన్ని, అంటే ఆర్చ్‌బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతాన్ని, నిజంగా పాలించేవారికే ఉంటుంది. పోపు రాయబారులుగా వివిధ దేశాల్లో పనిచేసే నన్షియోలకు, వాటికన్ కార్యాలయాల్లోని కొందరు అధికారులకు ఆర్చ్‌బిషప్ బిరుదు ఉంటుంది గానీ, ఎప్పుడో అంతరించిన పీఠం పేరు మీద ఇచ్చే గౌరవం అది. నన్షియో ఉండేది దౌత్య కార్యాలయంలో. దాన్ని ఆర్చ్‌బిషప్ నివాసంగా లెక్కవేస్తే జాబితాలు తప్పుతాయి.

ఆర్చ్‌బిషప్ తప్పనిసరిగా అక్కడే ఉండాలని చట్టం ఉందా?

ఫలానా ఇంట్లో ఉండాలని లేదు. తన అగ్రపీఠం పరిధిలో స్వయంగా నివసించాలని మాత్రం ఉంది. ఈ రెండింటినీ కలిపి చెప్పడం తరచూ జరిగే పొరపాటు.

ఇప్పుడు అమల్లో ఉన్న 1983 నాటి కానన్ చట్టంలో (కతోలిక చర్చి సొంత చట్టం) 395వ కానన్, అంటే నిబంధన, దీని గురించే. రోమ్ యాత్ర, సభలు, సినడ్‌ల (చర్చి సమావేశాల) వంటి విధులు పోను, ఏడాదికి ఒక నెలకు మించి బయట ఉండకూడదు. ఆ నెల ఒకేసారి తీసుకున్నా విడతలుగా తీసుకున్నా సరే. క్రిస్మస్, పవిత్ర వారం, ఈస్టర్, పెంతెకోస్తు, దివ్యసత్ప్రసాద మహోత్సవం రోజుల్లో గట్టి కారణం లేకుండా కథెడ్రల్ (పీఠపు ప్రధాన చర్చి) వదిలి వెళ్లకూడదు. ఒక బిషప్ సరైన కారణం లేకుండా ఆరు నెలలు దాటి బయట ఉంటే ఆ సంగతి ఆర్చ్‌బిషప్ రోమ్‌కు తెలియజేయాలి. ఆర్చ్‌బిషప్పే అలా ఉంటే ఆయన కింది మేత్రాసనాల (సాధారణ బిషప్ పీఠాల) బిషప్‌లలో సీనియర్ తెలియజేయాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఒకప్పుడు పీఠం ఒకచోట, పీఠాధిపతి మరోచోట ఉండటం మామూలైపోయింది. మిలాన్ ఆర్చ్‌బిషప్‌లు 1565కు ముందు దాదాపు 80 ఏళ్లపాటు మిలాన్‌లో ఉండనే లేదు, ఆదాయం మాత్రం అందుకున్నారు. కతోలిక బిషప్‌ల ట్రెంట్ మహాసభ 1563లో దీనికి అడ్డుకట్ట వేసింది. ఏడాదికి రెండు, మహా అయితే మూడు నెలలకు మించి బయట ఉంటే ఆ మేరకు ఆదాయం మీద హక్కు పోతుందని తేల్చింది. ఆర్చ్‌బిషప్ కార్లో బోరోమియో 1565లో మిలాన్ చేరడం ఆ మార్పుకు తొలి పెద్ద ఉదాహరణ. 1576 నాటి ప్లేగులో ఆయన తన నివాసంలోని తెరల గుడ్డను కూడా పేదలకు బట్టలు కుట్టించడానికి ఇచ్చేశారు.

నివాసం కథెడ్రల్‌ను ఆనుకునే ఎందుకుంటుంది?

పని అక్కడే కాబట్టి. రోజువారీ ప్రార్థనలు, గురువుల సమావేశాలు, వివాహ వ్యాజ్యాలు, దానధర్మాల లెక్కలు అన్నీ కథెడ్రల్ చుట్టూ తిరిగేవి. 5వ శతాబ్దంలో దక్షిణ గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతంలో కూర్చిన ఒక నియమావళి బిషప్‌కు ‘చర్చికి దూరం కాకుండా చిన్న వసతి’ చాలంటుంది. సామాను చవకగా, భోజనం సాదాగా ఉండాలని కూడా చెప్పింది. ఈ నియమావళి చాలాకాలం కార్తేజ్ మహాసభ పేరుతో చలామణీ అయింది. ట్రెంట్ సభ కూడా ఆ పేరుతోనే దాన్ని ఉదహరించింది. పాటించినవారు తక్కువ గానీ, సంస్కరణ కోరిన ప్రతివారూ ఈ మాటనే పైకి తీశారు.

ఈ పొరుగుబంధం తెగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1288లో వోరింగెన్ యుద్ధంలో జర్మనీలోని కొలోన్ ఆర్చ్‌బిషప్ ఓడిపోయాక, నగరం ఆయన అధికారాన్ని నెట్టేసింది. కథెడ్రల్ కొలోన్‌లోనే నిలిచింది, ఆర్చ్‌బిషప్‌ల కాపురం మాత్రం బ్రూల్, బాన్ ఊళ్లకు మారింది. బాన్‌లో వాళ్లు కట్టుకున్న ప్యాలెస్ ఇప్పుడు బాన్ విశ్వవిద్యాలయపు ప్రధాన భవనం.

ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఏది?

పూర్తి భవనంగా ఏదీ చెప్పలేం. పదేపదే కాలి, కూలి, మళ్లీ కట్టినవే అన్నీ. విడి గదుల మాటకొస్తే ఇటలీలోని రవెన్నా ముందు వరుసలో ఉంటుంది. అక్కడి పీఠాధిపతి రెండవ పీటర్ (494–519 ప్రాంతం) తన నివాసంలో కట్టించుకున్న చిన్న చాపెల్ (ప్రార్థన గది) నేటికీ ఉంది. లోపలికి వెళ్లే ముందు వచ్చే ఇరుకు గదిలో, తలుపు పైభాగాన, సైనిక దుస్తుల్లో ఉన్న క్రీస్తు సింహాన్నీ సర్పాన్నీ తొక్కి నిలబడిన మొజాయిక్ ఉంటుంది. భుజం మీద శిలువ, చేతిలో తెరిచిన గ్రంథం. 1996లో యునెస్కో జాబితాలో చేరిన రవెన్నా కట్టడాల్లో ఈ చాపెల్ ఒకటి. అక్కడి ఆర్చ్‌బిషప్ మాక్సిమియన్ పేరుమీది 6వ శతాబ్దపు దంతపు ఆసనం కూడా, ఈ చాపెల్ ఉన్న ఆర్చ్‌బిషప్ మ్యూజియంలోనే ఉంది.

రోమ్‌లోని లాటరన్ ప్యాలెస్‌ది కూడా ఇదే తీరు. పోపు అంటే రోమ్ నగర బిషప్ కూడా కనుక ఆ చరిత్ర ఇక్కడికి వస్తుంది. 4వ శతాబ్దం నుంచి పోపులు అక్కడే ఉన్నారు. 1309లో పోపుల కాపురం అవిన్యోన్‌కు మారింది. 1377లో తిరిగొచ్చాక వాటికన్‌లో స్థిరపడ్డారు. పాడుబడిన పాత లాటరన్‌ను పోపు ఐదవ సిక్స్‌టస్ పడగొట్టించి, దొమెనికో ఫోంతానాతో 1586–89 మధ్య ఇప్పుడున్న భవనం కట్టించారు. పాతదాంట్లో మిగిలిన ముఖ్యభాగం పోపుల సొంత చాపెల్. ఫ్రాన్స్‌లోని రాన్స్ నగరంలో కూడా 1207 నాటి చాపెల్ నిలిచింది, చుట్టూ ఉన్న గదులన్నీ మారిపోయాయి. హాలును కూల్చడానికి వెనకాడనివారు కూడా పరిశుద్ధ అవశేషాలున్న చాపెల్ జోలికి వెళ్లడానికి జంకారు. పాత నివాసంలో వయసు తెలుసుకోవాలంటే ముందు చాపెల్ గోడలు చూడాలి.

లోపల ఏమేం ఉంటాయి?

ఇల్లు, కార్యాలయం, కోర్టు, దస్త్రాల గది, చాపెల్ అన్నీ ఒకే కప్పు కింద ఉన్న భవనంగా ఊహించుకోండి. సాధారణంగా కింది అంతస్తులో కార్యాలయాలు, న్యాయస్థానం, గుర్రపుశాలలు ఉండేవి. మొదటి అంతస్తులో పెద్ద సమావేశ హాలు, పందిరి కింద ఆసనమున్న దర్బారు గది, అంతకుముందు పనిచేసిన ఆర్చ్‌బిషప్‌ల చిత్రపటాలు ఉంటాయి. ఆర్చ్‌బిషప్ పడుకునే గది చాలాచోట్ల ఆశ్చర్యపడేంత చిన్నది.

మధ్యయుగాల్లో చెర కూడా ఉండేది. గురువులను విచారించే అధికారం ఆర్చ్‌బిషప్ కోర్టుదే కనుక ఖైదీలను పెట్టడానికి ఆయనకే చోటు కావలసి వచ్చింది. ఫ్రాన్స్‌లోని సాన్స్‌లో 13వ శతాబ్దపు సినడ్ భవనం కింది భాగంలో ఆ గదులు ఇప్పటికీ చూడవచ్చు.

చాపెల్ విషయంలో చట్టం స్పష్టం. ఆర్చ్‌బిషప్ సొంత చాపెల్‌లో దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరచుకోవచ్చు (934వ కానన్). దస్త్రాల్లో ఒక భాగం రహస్యం. ఆ బీరువా తాళంచెవి ఆర్చ్‌బిషప్ దగ్గర మాత్రమే ఉండాలి (490వ కానన్). పీఠం ఖాళీగా ఉన్నప్పుడు నిజమైన అవసరం పడితే తప్ప దాన్ని తెరవకూడదు, తెరిచినా తాత్కాలిక పాలకుడే స్వయంగా తెరవాలి. పాత భవనాల్లో ఇనుప తలుపున్న చిన్న గది కనిపిస్తే అది ఖజానా అని తేల్చేయకండి, దస్త్రాలదీ కావచ్చు.

మరి ఇవి రాజభవనాల్లా ఎందుకున్నాయి?

కొందరు ఆర్చ్‌బిషప్‌లు నిజంగానే రాజులు కాబట్టి. పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో మైన్స్, కొలోన్, ట్రియర్ ఆర్చ్‌బిషప్‌లకు చక్రవర్తిని ఎన్నుకునే ఓటు ఉండేది. పన్నులు, సైన్యం, నాణేలు అన్నీ వాళ్లవే. అలాంటివారి నివాసం ప్రభుత్వ సచివాలయం కూడా.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దీనికి మంచి నమూనా. 1077లో ఆర్చ్‌బిషప్ గెబ్‌హార్డ్ కొండమీద కోట మొదలుపెట్టారు. చక్రవర్తికీ పోపుకూ గొడవ ముదిరిన రోజులవి, ఆయన పోపు పక్షం. అంటే అది ముందు రక్షణ కోసం కట్టింది. ప్రమాదం తగ్గాక కాపురం కిందికి, కథెడ్రల్ పక్కనున్న రెసిడెంజ్ అనే ప్యాలెస్‌కు దిగింది. వోల్ఫ్ డీట్రిష్ ఫోన్ రైటెనావ్ (1587–1612) దాన్ని ఇటలీ పద్ధతిలో తిరిగి కట్టించారు. ఆయన తర్వాత వచ్చిన మార్కుస్ సిట్టికుస్ ఊరి బయట హెల్‌బ్రున్ అనే విహారభవనం కట్టించారు. అది పగటి వినోదానికే కనుక పడకగదులు లేకుండా కట్టారు. తోటలో రాతి భోజనబల్ల ఉంటుంది. చుట్టూ ఉన్న అతిథుల పీటల్లోంచి ఉన్నట్టుండి నీళ్లు చిమ్ముతాయి, ఆతిథేయుడి పీట మాత్రం పొడిగా ఉంటుంది. సాదా భోజనం చేయమన్న ట్రెంట్ తీర్మానానికి అప్పటికి నిండా 60 ఏళ్లు కూడా కాలేదు.

బ్రూల్‌లో కొలోన్ ఆర్చ్‌బిషప్ క్లెమెన్స్ ఆగస్ట్ 1725లో మొదలుపెట్టిన ఆగస్టుస్‌బుర్గ్ ప్యాలెస్ ఇంకో మెట్టు పైది. దాని మెట్లదారి బాల్తజార్ నాయ్‌మన్ రూపకల్పన. 1984లో యునెస్కో జాబితాకెక్కింది.

ఒకే ఆర్చ్‌బిషప్‌కు నాలుగైదు ఇళ్లు ఎందుకు?

రాజదర్బారు ఉన్నచోట ఒకటి, వేసవికి ఒకటి, భూముల మీద అజమాయిషీకి ఒకటి. అధికారిక నివాసం అంటే ఒక్కటే అనుకుని వెతికితే పాత రికార్డులు గందరగోళంగా అనిపిస్తాయి.

పారిస్‌లోని సాన్స్ భవనాన్నే చూడండి. 1622 వరకు పారిస్ మామూలు మేత్రాసనమే, అది సాన్స్ ఆర్చ్‌బిషప్ కిందిది. రాజుగారి ఊళ్లో పనులుండేవి కాబట్టి సాన్స్ ఆర్చ్‌బిషప్ త్రిస్తాన్ ద సలజార్ 15వ శతాబ్దం చివర్లో అక్కడ కొత్త బస మొదలుపెట్టారు. పారిస్ అగ్రపీఠం కాగానే ఆ ఇంటి అవసరం తగ్గిపోయింది. తర్వాత అనేక చేతులు మారి ఇప్పుడు ఫోర్నే గ్రంథాలయమైంది. ముఖద్వారం ఉన్న గోడలో ఒక ఫిరంగి గుండు దిగబడి ఉంటుంది. దాని కింద 1830 జులై 28 అని తేదీ చెక్కి ఉంది.

లండన్‌లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌లు సుమారు 1200 నుంచి లాంబెత్‌లో ఉన్నారు. చివరి కతోలిక ఆర్చ్‌బిషప్ రెజినాల్డ్ పోల్ 1558 నవంబర్ 17న అక్కడే చనిపోయారు. మేరీ రాణి పోయిందీ ఆ రోజే. తర్వాత ఆ భవనం ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్‌లది. యార్క్ ఆర్చ్‌బిషప్‌ల లండన్ బస యార్క్ ప్లేస్ కథ వేరు. యార్క్ ఆర్చ్‌బిషప్, రాజు మంత్రి కూడా అయిన కార్డినల్ వూల్సీ 1529లో పదవీచ్యుతుడు కాగానే ఎనిమిదవ హెన్రీ దాన్ని తీసేసుకున్నాడు. నిజానికి అది వూల్సీది కాదు, యార్క్ పీఠానిది. మంత్రి మీద కోపంతో పీఠం ఆస్తిని లాక్కోవడం చట్టపరంగా నిలిచే పని కాదని రాజుకూ తెలుసు, అందుకే కాగితాలు పుట్టించవలసి వచ్చింది. వైట్‌హాల్ ప్యాలెస్‌గా మారింది అదే.

స్పెయిన్‌లో టొలేడో ఆర్చ్‌బిషప్‌లకు అల్కలా ద ఎనారెస్‌లో పెద్ద ప్యాలెస్ ఉండేది. కొలంబస్ 1486 జనవరిలో ఇసబెల్లా రాణిని మొదటిసారి కలిసింది అక్కడే. 1939 ఆగస్టులో మంటల్లో చాలా భాగం పోయింది. అప్పటికి అందులో ఉన్న ప్రభుత్వ దస్త్రాగారం కూడా బూడిదైంది.

ఆర్చ్‌బిషప్ చనిపోతే ఇంట్లో సామాను ఎవరిది?

పాతకాలంలో ఎవరికి దొరికింది వాళ్లది. ఇది వెటకారం కాదు. 451 నాటి కాల్సెడన్ మహాసభ, బిషప్ చనిపోగానే ఆయన వస్తువులను గురువులు పట్టుకుపోకూడదని 22వ కానన్‌లో ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. తర్వాత రాజులు ఈ దోపిడీనే తమ హక్కుగా మార్చుకున్నారు. జర్మనీలో రెండవ ఫ్రెడరిక్ 1213లో దాన్ని వదులుకున్నట్టు ప్రకటించాడు. ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజులు మాత్రం పీఠం ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆదాయం తమకే వచ్చేలా చూసుకున్నారు. కొత్త నియామకాలు ఏళ్ల తరబడి సాగడానికి అదొక కారణం. అలాంటి విరామాల్లో మరమ్మతులు చేసేవారుండరు, కొత్తగా వచ్చినవారు ముందు కప్పు వేయించుకోవలసి వచ్చేది.

ఇప్పటి పద్ధతి వేరు. నిర్వాహకులు బాధ్యత తీసుకునే ముందే స్థిరచరాస్తుల జాబితా తయారుచేసి సంతకం పెట్టాలి (1283వ కానన్). ఒక ప్రతి నిర్వహణ దస్త్రాల్లో, ఇంకొకటి అగ్రపీఠ దస్త్రాల్లో ఉంచాలి. తేడా వచ్చేది సాధారణంగా బహుమతుల దగ్గర: శిలువ, ఉంగరం, చిత్రపటం వ్యక్తికిచ్చారా పీఠానికిచ్చారా అని. ఇచ్చిన రోజే రాసుకోకపోతే తర్వాత తేల్చడం కష్టం.

ఫ్రాన్స్‌లో ఈ భవనాలు చర్చి చేతిలోంచి ఎలా పోయాయి?

రెండు దెబ్బల్లో పోయాయి. మొదటిది 1789 నవంబర్ 2న చర్చి ఆస్తులను దేశపరం చేస్తూ వచ్చిన తీర్మానం. బోర్డోలో ఆర్చ్‌బిషప్ రొహాన్ కట్టించిన ప్యాలెస్ 1784లో పూర్తయింది, ఐదేళ్లకే చేజారింది. 1835 నుంచి అది నగరపాలక భవనం. నార్‌బోన్‌లో 1801 ఒప్పందంతో అగ్రపీఠమే రద్దయింది, అక్కడి ప్యాలెస్ కూడా ఇప్పుడు టౌన్ హాలే.

పారిస్‌ది ఇంకా దారుణం. నోత్రదామ్ పక్కనున్న ఆర్చ్‌బిషప్ ప్యాలెస్‌ను 1830 జులై విప్లవంలో ఒకసారి దోచారు. 1831 ఫిబ్రవరి 14న పాత రాజవంశాభిమానులు ఒక స్మారక పూజ చేయించారు. ఆ కోపంతో మూకలు మర్నాడు ప్యాలెస్ మీద పడ్డాయి. పుస్తకాలు, సామాను సేన్ నదిలో పడేశారు. మిగిలిన గోడలను తర్వాత ప్రభుత్వమే తీసేసింది. నోత్రదామ్ వెనకున్న తోట ఆ స్థలమే.

రెండో దెబ్బ 1905 డిసెంబర్ నాటి చర్చి-ప్రభుత్వ విభజన చట్టం. చాలామంది ఆ చట్టం వెంటనే బయటికి గెంటిందని రాస్తారు. చట్టం 14వ అధికరణం ఆర్చ్‌బిషప్, బిషప్ నివాసాలకు రెండేళ్లు, విచారణ గురువుల (ఊరి చర్చి పాదిరీల) ఇళ్లకు ఐదేళ్లు ఉచిత వాడకం ఇచ్చింది. షరతు ఏమిటంటే, ఆస్తిని అందుకోవడానికి కొత్త ఆరాధక సంఘాలు ఏర్పడాలి. బిషప్ అధికారానికి ఆ సంఘాల్లో చోటు లేదని పోపు పదవ పయస్ 1906 ఆగస్టులో వాటిని నిషేధించారు. సంఘాలు లేవు కనుక ఆ గడువు కూడా దక్కకుండా పోయింది. పారిస్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ రిషార్ 1906 డిసెంబర్‌లో గ్రెనెల్ వీధి నివాసం ఖాళీ చేశారు. ఆ భవనం తర్వాత కార్మిక మంత్రిత్వశాఖకు వెళ్లింది.

జర్మనీ మాటేమిటి?

1803 ఫిబ్రవరి 25 నాటి తీర్మానంతో ఆర్చ్‌బిషప్‌ల రాజ్యాల్లో దాదాపు అన్నిటికీ తెర పడింది. రైన్ నదికి పడమటి భూములు ఫ్రాన్స్‌కు పోగొట్టుకున్న రాజులకు చర్చి రాజ్యాలను పరిహారంగా పంచారు. తీసుకున్న ప్రభుత్వాలు తర్వాత రోమ్‌తో ఒప్పందాలు చేసుకుని బిషప్‌లకు వసతి ఏర్పాట్లు చూశాయి. మ్యూనిక్ ఆర్చ్‌బిషప్‌లు 1818 నుంచి ఉంటున్న హోల్న్‌స్టైన్ భవనం, 1730లలో క్యువిలియె కట్టినది, నేటికీ బవేరియా రాష్ట్ర ప్రభుత్వానిదే.

ఇంటి గోడల్లో దాచినవి ఎప్పుడైనా బయటపడ్డాయా?

బ్రాటిస్లావాలో పడ్డాయి. ఒట్టోమన్లు 1543లో ఎస్టెర్గోమ్‌ను పట్టుకోవడంతో హంగరీ ప్రధాన ఆర్చ్‌బిషప్‌లు ఉత్తరానికి తరలిపోయారు. రాజ్యం రాజధాని అప్పుడు ప్రెస్‌బుర్గ్, అంటే నేటి బ్రాటిస్లావా. యోజెఫ్ బట్యాని అక్కడ 1778–81 మధ్య ప్రైమేట్ ప్యాలెస్ కట్టించారు. 1805 డిసెంబర్ 26న నెపోలియన్‌కూ ఆస్ట్రియాకూ సంధి కుదిరింది అందులోని అద్దాల హాలులోనే. 1903లో నగరపాలక సంస్థ భవనం కొని మరమ్మతులు మొదలుపెడితే, గోడ కప్పు వెనక ఆరు చిత్రవస్త్రాలు దొరికాయి. ఇంగ్లండ్‌లోని మోర్ట్‌లేక్‌లో 17వ శతాబ్దంలో నేసినవి, హీరో-లియాండర్ ప్రేమకథ వాటి విషయం.

అమెరికా ఖండాల్లో మొదటివి ఎప్పటివి?

1546లో మెక్సికో, లిమా, శాంతో దొమింగో మూడూ ఒకేసారి అగ్రపీఠాలయ్యాయి. మెక్సికోలో జుమారాగ అంతకుముందే, బిషప్‌గా ఉన్న రోజుల్లోనే, తెస్కాత్లిపోకా ఆలయ పునాది మీద నివాసం మొదలుపెట్టారు. ఇప్పుడది ఆర్థిక మంత్రిత్వశాఖ కళా మ్యూజియం, ఆలయ అవశేషాలు లోపల కనిపిస్తాయి. కుస్కోలో ఇన్కా రోకా ప్యాలెస్ గోడల మీదనే ఆర్చ్‌బిషప్ భవనం లేచింది. ప్రసిద్ధమైన పన్నెండు మూలల రాయి ఆ గోడలోదే. కింద సున్నం లేకుండా పేర్చిన ఇన్కా రాళ్లు, పైన వలసకాలపు గోడ. లిమా నివాసం చూడగానే వలసకాలానిదనిపిస్తుంది గానీ చెక్క బాల్కనీలతో సహా అది 1924లో ప్రారంభమైంది.

20వ శతాబ్దంలో ఈ ఇళ్లే చెరసాలలయ్యాయంటారు, నిజమేనా?

నిజం. 1938 అక్టోబర్ 7న వియన్నా కథెడ్రల్‌లో యువత పెద్దఎత్తున ప్రార్థనకు చేరారు. మర్నాడు హిట్లర్ యువదళం ఎదురుగా ఉన్న ఆర్చ్‌బిషప్ నివాసంలోకి చొరబడి చిత్రపటాలు చించి, కిటికీలు పగలగొట్టింది. క్రాకోలో ఆర్చ్‌బిషప్ సపియెహా తన నివాసంలో రహస్యంగా సెమినరీ నడిపారు. 1944 ఆగస్టు నుంచి విద్యార్థులను అక్కడే దాచారు. వారిలో ఒకరైన కరోల్ వోయ్‌తివా 1946 నవంబర్ 1న ఆ ఇంటి చాపెల్‌లోనే గురువుగా అభిషిక్తులయ్యారు, తర్వాత అదే ఇంట్లో ఆర్చ్‌బిషప్‌గా ఉండి పోపు రెండవ జాన్ పాల్ అయ్యారు.

యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వాల వంతు. ఎస్టెర్గోమ్ నివాసంలో మిండ్‌సెంతిని 1948 డిసెంబర్ 26న, వార్సాలో విషిన్‌స్కిని 1953 సెప్టెంబర్ 25న అరెస్టు చేశారు. ప్రాగ్‌లో బెరాన్‌ను 1949 జూన్ నుంచి తన ప్యాలెస్‌లోనే నిర్బంధించి, 1951లో తెలియని చోటికి తరలించారు. ఆ ప్యాలెస్‌ను 1560ల మొదట్లో రాజు ఫెర్డినాండ్ కొనిచ్చాడు. అంతకుముందున్న నివాసం 1420లో హుస్సైట్ యుద్ధాల్లో కాలిపోయింది, ఆ తర్వాత పీఠమే 140 ఏళ్లు ఖాళీగా ఉంది.

ప్యాలెస్‌లు వదిలేయడం ఎప్పుడు మొదలైంది?

రెండవ వాటికన్ మహాసభ తర్వాత, లాటిన్ అమెరికాలో గట్టిగా. బ్రెజిల్‌లోని రెసీఫెలో ఆర్చ్‌బిషప్ హెల్దర్ కామరా 1968లో ప్యాలెస్ విడిచి ఒక చిన్న చర్చి వెనక గదుల్లోకి మారారు. సావో పావ్లోలో కార్డినల్ ఆర్న్స్ 1973లో నివాసాన్ని అమ్మి, ఆ డబ్బుతో శివారు పేటల్లో సామాజిక కేంద్రాలు కట్టించారు. శాన్ సాల్వదోర్ ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో ఒక ఆసుపత్రి ఆవరణలో మూడు గదుల ఇంట్లో ఉన్నారు.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో కారణం వేరు, అక్కడ డబ్బు ఒత్తిడి ఎక్కువ. బోస్టన్ అగ్రపీఠం లైంగిక వేధింపుల బాధితులకు 2003లో 8.5 కోట్ల డాలర్ల పరిహారం ఒప్పుకుంది. మరుసటి ఏడాది 1927 నాటి నివాసాన్నీ చుట్టూ సుమారు 43 ఎకరాలనూ పక్కనున్న బోస్టన్ కాలేజీకి అమ్మింది. ఫిలడెల్ఫియా నివాసం 2012లో కోటి డాలర్లకు ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అట్లాంటాలో 2014లో 22 లక్షల డాలర్లతో కట్టిన కొత్త ఇంటిపై విశ్వాసులు అభ్యంతరం చెప్పడంతో ఆర్చ్‌బిషప్ క్షమాపణ చెప్పి అమ్మించారు. షికాగోలో 19 పొగగొట్టాలున్న 1885 నాటి భవనం ఉంది. 2014లో వచ్చిన కార్డినల్ క్యూపిచ్ అందులో కాకుండా కథెడ్రల్ గురువుల ఇంట్లో ఉండటానికి ఇష్టపడ్డారు.

అమ్మడమే మంచిదని తీర్పు చెప్పడం తేలిక. ఒక్కోసారి పాత ఇంటిని అట్టిపెట్టుకోవడమే చవక. కార్యాలయాలు, దస్త్రాలు, సమావేశ మందిరం వేర్వేరుగా అద్దెకు తీసుకుంటే ఖర్చు పెరుగుతుంది.

అమ్మాలంటే ఆర్చ్‌బిషప్ సంతకం చాలదా?

చాలదు. ముందు న్యాయమైన కారణం కావాలి, నిపుణుల చేత రాతపూర్వక విలువ కట్టించాలి (1293వ కానన్). సాధారణంగా ఆ విలువకు తక్కువగా అమ్మకూడదు. దేశ బిషప్‌ల సమాఖ్య నిర్ణయించిన కనిష్ఠ మొత్తం దాటితే ఆర్థిక మండలి, సలహాదారుల మండలి రెండింటి సమ్మతీ అవసరం (1292వ కానన్). గరిష్ఠ మొత్తం దాటినా, భవనానికి కళాపరంగా లేక చారిత్రకంగా విలువ ఉన్నా రోమ్ అనుమతి కూడా తప్పదు. బేరాలు ఎక్కువగా ఆగేది ఈ చివరి మెట్టు దగ్గరే. ఇల్లు ధర తక్కువైనా లోపలి కుడ్యచిత్రాల వల్ల అనుమతి అవసరమవుతుందని ఆలస్యంగా గ్రహిస్తారు. ఆపైన దేశపు పౌర చట్టం సంగతి వేరే.

పాత భవనం మీది చిహ్నం చూసి అది ఆర్చ్‌బిషప్‌దో కాదో చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. డాలు పైన వెడల్పు అంచు టోపీ, దాని నుంచి రెండు వైపులా వేలాడే కుచ్చులు ఉంటాయి. కుచ్చులు లెక్కపెట్టండి. ఒక్కో వైపు 6 ఉంటే (1, 2, 3 వరుసలు) బిషప్, 10 ఉంటే (1, 2, 3, 4) ఆర్చ్‌బిషప్, 15 ఉంటే కార్డినల్. రంగు మిగిలి ఉంటే మొదటి ఇద్దరిదీ ఆకుపచ్చ, కార్డినల్‌ది ఎరుపు. డాలు వెనక శిలువకు రెండు అడ్డకమ్మీలుంటే ఆర్చ్‌బిషప్.

బోల్తా పడేది పాతవాటి దగ్గర. కార్డినల్‌కు 15 కుచ్చులని ఖరారైంది 1832లోనే. అంతకుముందు శిల్పి చోటును బట్టి చెక్కిన సందర్భాలు కొల్లలు. అందుకే 1832కు ముందు కట్టడాల్లో కుచ్చుల కంటే శిలువనే నమ్మండి. డాలు పైన మైటర్ (బిషప్ పెట్టుకునే పొడవాటి కోసు టోపీ), దండం చెక్కి ఉంటే 1969కి ముందుదనుకోవచ్చు, ఆ ఏడాది వాటికన్ సూచనలు వాటిని తీసేయమన్నాయి.

తేదీల్లో పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

నివాసం కట్టిన ఏడాదికీ పీఠం అగ్రపీఠమైన ఏడాదికీ మధ్య. క్రాకో 1925లో, వియన్నా 1722లో, అవిన్యోన్ 1475లో అగ్రపీఠాలయ్యాయి. అంతకుముందు కట్టిన భాగాలన్నీ బిషప్‌ల కాలానివే. అవిన్యోన్‌లోని చిన్న ప్యాలెస్ ముఖభాగం మాత్రం అక్కడి మొదటి ఆర్చ్‌బిషప్ జూలియానో దెల్లా రొవేరే పని. ఇంకో తికమక, ఉదీనే ఆర్చ్‌బిషప్ ప్యాలెస్‌లోని తియెపొలో చిత్రాలు. 1720లలో వాటిని వేయించిన దియొనీసియో దొల్ఫిన్ ఆక్విలేయా పేత్రియార్క్ (ఆర్చ్‌బిషప్ కంటే పై బిరుదు). ఉదీనే అగ్రపీఠం ఆ తర్వాత పుట్టింది.

75 ఏళ్లకు విరమించాక ఎక్కడ ఉంటారు?

అధికారిక నివాసం కొత్తవారికి వదలాలి. కోరుకుంటే అదే అగ్రపీఠం పరిధిలో వసతి పొందే హక్కు 402వ కానన్ ఇస్తుంది. ఆయనకు తగిన జీవనాధారం చూసే బాధ్యత ప్రధానంగా ఆయన పనిచేసిన పీఠానిదే. అది నెరవేరేలా చూడటం బిషప్‌ల సమాఖ్య పని.